వేలు తెగిన కార్మికుడికి కావాల్సింది కుట్లొక్కటే కాదు

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో రేకును కోసి, వంచి, అచ్చు కొట్టే చిన్న షెడ్లు చాలా ఉన్నాయి. అక్కడ పవర్ ప్రెస్ మీద పనంటే రేకు ముక్కను డై అనే అచ్చు మీద పెట్టడం, పెడల్ తొక్కడం, తయారైన ముక్కను తీసి పక్కన పడేయడం. షిఫ్టు మొత్తం ఇదే పని. పీసు లెక్కన డబ్బులిచ్చే చోట, చేతికి అడ్డం వస్తోందని వేళ్లను కాపాడే గార్డును ముందే విప్పి పక్కన పెట్టేస్తారు. రాత్రి షిఫ్టు చివర్లో నిద్రమత్తులో చెయ్యి బయటికి రాకముందే కాలు పెడల్ మీద పడుతుంది. చూపుడు వేలు పోతుంది.

ఆ తర్వాత జరిగేది దాదాపు ప్రతిచోటా ఒకేలా ఉంటుంది. తోటి వర్కరు బైకు మీద ఎక్కించుకుని దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తాడు. అక్కడ మిగిలిన వేలికి కుట్లు వేసి కట్టు కడతారు. ఓనరు వచ్చి బిల్లు కట్టి, ‘మేం చూసుకుంటాంలే’ అంటాడు. రెండు వారాల జీతం చేతిలో పెడతాడు. కుట్లు విప్పగానే వైద్యం ముగిసినట్టే. వేలు పోయిన మనిషి ఇక ఆ ప్రెస్ మీద పని చేయగలడా, చేయలేకపోతే ఏం చేసి బతుకుతాడు, అదే ప్రెస్ మీద రేపు కూర్చునే మనిషి వేలు సంగతేంటి? వీటిని అడిగే డాక్టరు ఆ గదిలో ఎవరూ ఉండరు.

పారిశ్రామిక వైద్యం అంటే ఈ ప్రశ్నలు అడిగే వైద్యమే. గాయాన్ని మాన్పే పని సర్జన్‌ది. ఆ గాయం పనివల్లే అయిందని రాతపూర్వకంగా తేల్చడం, ఆ మనిషి చేసే పనికి చేతిలో ఎంత పట్టు కావాలో తెలుసుకోవడం, ఎప్పుడు ఏ పనిలోకి తిరిగి పంపవచ్చో చెప్పడం, యంత్రం దగ్గర ఏం మార్చాలో సూచించడం వృత్తి ఆరోగ్య వైద్యుడి బాధ్యత. పెద్ద ఉక్కు కర్మాగారాల్లో, సింగరేణిలో, కొన్ని పెద్ద ఫార్మా కంపెనీల్లో ఈ ఏర్పాటు ఎంతో కొంత ఉంది. తెలుగు రాష్ట్రాల్లో మిగతా కార్మికులకు ఇది దాదాపు లేనట్టే. దీని వల్ల జరిగే నష్టం ఆస్పత్రి గోడల మధ్య కనిపించదు. ఏడాది తర్వాత ఆ కుటుంబం జమాఖర్చుల్లో కనిపిస్తుంది.

ముందు మొదటి గంట సంగతి. వేలు పూర్తిగా తెగితే ఆ ముక్కను శుభ్రమైన నీటితో కడిగి, తడిపిన గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి గట్టిగా కట్టాలి. ఆ కవర్ని ఐసు, నీళ్లు కలిపిన డబ్బాలో ఉంచాలి. ముక్కను నేరుగా ఐసులో పడేస్తే కణజాలం గడ్డకట్టి పాడవుతుంది. వేలిలో కండరం ఉండదు కాబట్టి ఇలా చల్లగా ఉంచితే దాదాపు ఒక రోజు దాకా తిరిగి అతికించే అవకాశం ఉంటుంది. అదే చెయ్యి మోచేతి దగ్గర తెగితే అంత గడువు ఉండదు, గంటల్లోనే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. ప్రెస్ కింద నుజ్జయిన వేలు చాలాసార్లు అతకదన్నది నిజమే. కానీ ఆ మాట చెప్పాల్సింది మైక్రోసర్జరీ తెలిసిన ప్లాస్టిక్ సర్జన్. షెడ్డు పక్క క్లినిక్‌లో ముక్కను చెత్తబుట్టలో వేసేశాక ఇక ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఫ్యాక్టరీల చట్టం 150 మంది కార్మికులకు ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె, 500 మందికి పైబడితే అంబులెన్స్ గది ఉండాలని చెప్పింది. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ కిందే లెక్క అని 1948 నుంచి ఉన్న నిర్వచనం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. వేళ్లు తెగే ప్రెస్ షెడ్లలో చాలావాటిలో పనిచేసేది ఇరవై మంది లోపే. ప్రమాదం ఎక్కువున్న చోటే ఫ్యాక్టరీ అన్న నిర్వచనాన్ని కుదించడం సరైన నిర్ణయం కాదు.

మొదటి గంటలో చేయాల్సిన ఇంకో పని కాగితం మీద ఉంటుంది. కేసు షీట్లో ‘ఎలా జరిగింది’ అన్న చోట డ్యూటీ డాక్టరు రాసే ఒక్క వాక్యం ఆ కార్మికుడి మిగతా జీవితాన్ని నిర్ణయిస్తుంది. ‘ఉదయం నాలుగు గంటలకు ఫలానా కంపెనీలో పవర్ ప్రెస్ మీద పనిచేస్తుండగా’ అని ఉంటే అది ఉద్యోగంలో తగిలిన గాయం. ‘ఇంట్లో తలుపు సందులో పడి’ అనో, ‘బైకు మీద నుంచి పడి’ అనో ఉంటే అది మామూలు గాయం. వెంట వచ్చిన సూపర్‌వైజరే డాక్టరుకు సంగతి చెబుతాడు. నొప్పితో ఉన్న కార్మికుడు, అందులోనూ ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి భాష సరిగా రానివాడు, ఏం రాశారో చూసుకోలేడు. పనిచోట ప్రమాదమని రాస్తే మెడికో లీగల్ కేసు అవుతుంది, పోలీసులకు సమాచారం వెళ్తుంది, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఈ టెన్షన్ తప్పించుకోవడానికే కథ మారుతుంది.

మారిన కథ ఖరీదెంతో కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐ లెక్కల్లో స్పష్టంగా కనబడుతుంది. 1952 ఫిబ్రవరిలో కాన్పూర్, ఢిల్లీల్లో మొదలైన ఈ పథకంలో ఇప్పుడు జీతంలో 0.75 శాతం కార్మికుడు, 3.25 శాతం యజమాని కడుతున్నారు. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి వర్తిస్తుంది. మామూలు జబ్బు చేస్తే రోజు వేతనంలో 70 శాతం, ఏడాదికి గరిష్ఠంగా 91 రోజులు ఇస్తారు. దానికీ అంతకుముందు కొన్ని నెలల పాటు చందా కట్టి ఉండాలన్న షరతు ఉంది. ఉద్యోగంలో గాయమైతే లెక్కే వేరు. వేతనంలో 90 శాతం, పని చేయలేని స్థితి ఉన్నన్ని రోజులూ ఇస్తారు. చందా షరతు లేదు, చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వస్తుంది. శాశ్వత నష్టం మిగిలితే, మెడికల్ బోర్డు తేల్చిన శాతాన్ని బట్టి బతికున్నంత కాలం నెలనెలా పెన్షన్‌లా అందుతుంది.

నెలకు 18,000 జీతం ఉన్నవాడి రోజు వేతనం సుమారు 600. అందులో 90 శాతం 540. చూపుడు వేలు మొత్తం పోతే చట్టం షెడ్యూల్ ప్రకారం సంపాదన శక్తిలో నష్టం 14 శాతం. అంటే రోజుకు 75 రూపాయల పైచిలుకు, నెలకు సుమారు 2,250, జీవితాంతం. పెద్ద మొత్తమేం కాదు. కానీ కేసు షీట్లో ‘తలుపు సందులో పడి’ అని రాయడం వల్ల పోయేది ఇదే. ముప్ఫై ఏళ్ల మనిషికి అది ఇంకో ముప్ఫై నలభై ఏళ్ల పాటు రావాల్సిన డబ్బు.

ఈఎస్ఐలో ఈ దారి తెరుచుకోవాలంటే కంపెనీ యాక్సిడెంట్ రిజిస్టరులో ఎంట్రీ ఉండాలి, ఫారం 12లో యాక్సిడెంట్ రిపోర్టు వెళ్లాలి, డిస్పెన్సరీ డాక్టరు ఇచ్చే ఫస్ట్ సర్టిఫికెట్ నుంచి ఫైనల్ సర్టిఫికెట్ దాకా వరస తప్పకుండా ఉండాలి. మధ్యలో ఒక సర్టిఫికెట్ తప్పితే ఆ రోజుల డబ్బులు ఆగిపోతాయి. పల్లెకు వెళ్లి అమ్మ దగ్గర కోలుకుందామనుకున్న కార్మికుడు తిరిగొచ్చేసరికి వరస తెగిపోయి ఉంటుంది. తీరా చూస్తే ఈఎస్ఐలో నమోదైన కార్మికుడికి ఇచ్చే ఐపీ నంబరు, అతని విషయంలో దెబ్బ తగిలిన రోజునే పుట్టి ఉంటుంది. అంతకుముందు ఏడాదిగా పనిచేస్తున్నా రిజిస్ట్రేషనే చేయలేదన్నమాట. ఇక్కడ చాలామందికి తెలియని రక్షణ ఒకటుంది. యజమాని పేరు నమోదు చేయకపోయినా, చందా కట్టకపోయినా కార్మికుడి హక్కు పోదు. ఈఎస్ఐ కార్పొరేషన్ ప్రయోజనం చెల్లించి ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆ హక్కు నిలబడేది మళ్లీ ఆ మొదటి కేసు షీటు మీదే.

ఈఎస్ఐ పరిధిలో లేనివాళ్లకు 1923 నాటి పరిహార చట్టం ఉంది. దాని సారమంతా ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లోకి మారింది. ఇందులో యజమానే నేరుగా బాధ్యుడు. 2020 జనవరి నుంచి నెల జీతం ఎంతున్నా 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు. శాశ్వత వైకల్యానికి అందులో 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. ముప్ఫై ఏళ్లకు గుణకం 207.98. పూర్తి వైకల్యమైతే 18,71,820 రూపాయలు. చూపుడు వేలుకు అందులో 14 శాతం, సుమారు 2 లక్షల 62 వేలు. బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. చికిత్సకు అయిన అసలు ఖర్చు వీటికి అదనంగా యజమానే భరించాలని 2009 సవరణ చెప్పింది. అంటే నర్సింగ్ హోమ్ బిల్లు కట్టడం ఓనరు చేసిన ఉపకారం కాదు, చట్టం పెట్టిన బాధ్యతలో ఒక భాగం మాత్రమే. నెలలోపు పరిహారం చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, కారణం లేకుండా ఆపితే సగం దాకా పెనాల్టీ పడొచ్చు. కాంట్రాక్టరు మనిషైనా అసలు కంపెనీ తప్పించుకోలేదు.

‘ఇక నాకేమీ రావాల్సింది లేదు’ అని తెల్లకాగితం మీదో స్టాంపు కాగితం మీదో సంతకం పెట్టించుకోవడం మామూలే. పరిహార హక్కును వదులుకుంటూ రాసిచ్చిన ఒప్పందం ఈ చట్టం కింద చెల్లదు. ఆ సంతకం పెట్టిన వాళ్లు కూడా లేబర్ ఆఫీసుకు వెళ్లవచ్చు. గార్డు తీసేసింది కార్మికుడేనని యజమాని వాదించే అవకాశం చట్టంలో ఉంది. ఆ తీసివేత ఉద్దేశపూర్వకమని రుజువు చేయాల్సింది యజమాని. పీసు రేటు ఒత్తిడితో, సూపర్‌వైజర్ చూస్తుండగా నెలల తరబడి గార్డు లేకుండా నడిచిన ప్రెస్ విషయంలో ఆ వాదన బలంగా నిలబడకూడదు. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా ఆ సాకు అసలే పనికిరాదు.

డబ్బు సంగతి అలా ఉంచితే, అందరూ మర్చిపోయేది కుట్లు విప్పిన తర్వాతి మూడు నెలలు. చేతి గాయంలో అసలు శత్రువు బిగుసుకుపోవడం. కట్టు కట్టి మెడకు వేలాడదీసుకుని నెల రోజులు కదపకుండా ఉంచితే, గాయం తగలని వేళ్లు కూడా వంగవు. స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తెగి కుట్టించుకున్నవాడు మొదటి వారం నుంచే స్ప్లింటు వేసుకుని, థెరపిస్టు చెప్పినంత మేరకే, చెప్పిన పద్ధతిలో వేళ్లు ఆడించాలి. ఎక్కువ ఆడిస్తే కుట్టు తెగుతుంది, అసలు ఆడించకపోతే స్నాయువు చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కుపోతుంది. బరువు ఎత్తే పనిలోకి వెళ్లడానికి సాధారణంగా పన్నెండు వారాలు పడుతుంది. తెగిన మొనకు బట్ట తగిలినా కరెంటు కొట్టినట్టుంటే, గరుకు బట్టలు, బియ్యపు గింజలు తాకిస్తూ ఆ చర్మాన్ని మెల్లగా అలవాటు చేయిస్తారు. ఇదంతా హ్యాండ్ థెరపీ తెలిసినవాళ్లు వారానికి రెండు మూడు సార్లు చూస్తూ చేయించే పని. పెద్దాస్పత్రి ఫిజియోథెరపీ విభాగానికి రెండు బస్సులు మారి, ఆ రోజు కూలి పోగొట్టుకుని వెళ్లాల్సి వస్తే నాలుగోసారికి మానేస్తారు. ఆపరేషన్ బాగా జరిగినా చెయ్యి పనికి రాకుండా పోయేది ఇక్కడే.

నడుము నొప్పిది దీనికి కొంచెం తిరగేసిన కథ. బస్తాలు మోసే హమాలీ, గ్రానైట్ పలక ఎత్తిన కూలీ నడుం పట్టేసిందని వస్తే ‘నెల రోజులు బెడ్ రెస్ట్’ అని రాసేస్తుంటారు. కాలు చచ్చుబడటం, మూత్రం మీద పట్టు తప్పడం లాంటి ప్రమాద సూచనలు లేని మామూలు నడుము నొప్పికి మంచం మీద పడుకోవడం మేలు చేయదని వైద్యం ఎప్పుడో తేల్చింది. వీలైనంత కదులుతూ, బరువులు లేని పనిలోకి త్వరగా వెళ్లినవాళ్లే బాగా కోలుకుంటారు. పనికి దూరంగా ఉన్న కాలం పెరిగేకొద్దీ తిరిగి పనిలో చేరే అవకాశం తగ్గిపోతుంది.

అందుకే లైట్ డ్యూటీ ఈ వైద్యంలో మందుతో సమానం. అది ఎలా ఉండాలో కాగితం మీద ఉండాలి: ఐదు కిలోలకు మించి ఎత్తకూడదు, కుడిచేత్తో పట్టి తిప్పే పని ఇవ్వకూడదు, ప్రెస్ దగ్గర నిలబెట్టకూడదు, నాలుగు వారాల తర్వాత మళ్లీ చూడాలి. ఇలా రాయాలంటే డాక్టరు ఆ పనిచోటును ఒక్కసారైనా చూసి ఉండాలి. మన దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద ఉండేవి రెండే మాటలు, ఫిట్ లేదా అన్‌ఫిట్. ఆర్టీసీ, సింగరేణి కార్మికులకు లైట్ డ్యూటీ ఏమిటో తెలుసు, దానికోసం పోరాడే యూనియన్లూ ఉన్నాయి. చిన్న షెడ్డు ఓనరు మాత్రం ‘పూర్తిగా తగ్గాకే రా’ అంటాడు. తగ్గేసరికి ఆ స్థానంలో ఇంకొకడుంటాడు.

ఉద్యోగ భద్రత విషయంలోనూ ఇదే అంతరం. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలి అని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ఆ నిబంధన ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటులో ఈఎస్ఐ తాత్కాలిక వైకల్య ప్రయోజనం పొందుతున్న కాలంలో తీసేయకూడదన్న రక్షణ ఉంది. ఫైనల్ సర్టిఫికెట్ ఇచ్చిన మర్నాటి నుంచి అదీ ఉండదు. సింగరేణిలో ఇంకో చిత్రం కనిపిస్తుంది. అన్‌ఫిట్ అయిన కార్మికుడి వారసుడికి ఉద్యోగం వస్తుంది కాబట్టి, కొత్తగూడెం మెయిన్ ఆస్పత్రి మెడికల్ బోర్డు ముందుకు కార్మికులు అన్‌ఫిట్ కావాలనే ఆశతో వెళ్తారు. వాళ్లను తప్పుబట్టలేం. గని పని చేసి అలసిన దేహానికి వేరే పని చూపించే ఏర్పాటు సరిగా లేనప్పుడు, ఇంటికొక ఉద్యోగం మిగలాలంటే అన్‌ఫిట్ అన్న ముద్రే దారి అయింది.

నష్టాన్ని శాతాల్లో కొలిచే పద్ధతిలోనూ పెద్ద చిక్కుంది. షెడ్యూల్లో చూపుడు వేలికి 14 శాతం అని ఉన్నది కనీస లెక్క. అసలు కొలవాల్సింది సంపాదన శక్తి ఎంత తగ్గిందన్నది. ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేయాల్సి వచ్చిన ఒక వడ్రంగి కేసులో 1975 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతని నష్టం వంద శాతమేనని చెప్పింది. ఆ తీర్పు వచ్చి యాభై ఏళ్లయినా డాక్టర్ల సర్టిఫికెట్లు అవయవం దగ్గరే ఆగిపోతున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో దీనికి సదరం తోడైంది. పెన్షన్ కోసం సదరం క్యాంపులో ఇచ్చే వైకల్య శాతం వేరు, పరిహారం కోసం కావాల్సిన సంపాదన నష్టం వేరు. రెండూ ఒకటేననుకుని సదరం కాగితంతో లేబర్ ఆఫీసుకు వెళ్లి తక్కువ పరిహారంతో తిరిగొచ్చేవాళ్లు ఉంటారు. ‘ఇతను టైలర్, కుడి చూపుడు వేలు లేకుండా కత్తెర పట్టలేడు, సూదిలో దారం ఎక్కించలేడు’ అని రెండు వాక్యాలు రాయగల డాక్టరు దొరికితే లెక్క మారుతుంది.

రసాయనాల ప్రమాదాలకు వచ్చేసరికి ఈ లోటు ప్రాణాల మీదికే వస్తుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఫార్మా కంపెనీ పేలుడులో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. ఇలాంటివి జరిగినప్పుడు మంత్రులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. పరవాడలో, బొల్లారంలో, జిన్నారంలో ఒకరిద్దరు స్పృహ తప్పి ఆస్పత్రికి వెళ్లే ప్రమాదాలకు అంత వెలుగు ఉండదు. వ్యర్థజలాల సంపులో దిగినవాడు పడిపోతాడు, తీయడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది. వాసన పోయింది కదా అని దిగడమే చావుకు దారి.

అలాంటి మనిషి క్యాజువాలిటీకి వచ్చినప్పుడు డాక్టరుకు మొదట కావాల్సింది రసాయనం పేరు. ప్రతి ప్రమాదకర రసాయనానికీ సేఫ్టీ డేటా షీట్ ఉండాలని 1989 నుంచే నిబంధన ఉంది. ఆ షీటును అంబులెన్స్‌లో పేషెంటుతో పాటే పంపడం ప్రతి ఫార్మా కంపెనీలో తప్పనిసరి అలవాటు కావాలి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చేతి మీద పడితే మొదట పెద్దగా మంట పుట్టకపోవచ్చు. గంటలు గడిచాక లోపల ఎముక దాకా దిగి, ఒంట్లోని కాల్షియాన్ని లాగేసి గుండె ఆగేలా చేయగలదు. దానికి కాల్షియం గ్లూకోనేట్ జెల్ వెంటనే రాయాలి. పేరు చెప్పకుండా ‘ఏదో యాసిడ్ పడింది’ అంటే మామూలు కాలిన గాయంలా ఆయింట్‌మెంట్ రాసి పంపేస్తారు. మిగతా చాలా రసాయనాలకు మొదటి చికిత్స నీళ్లే. ఇరవై నిమిషాల పాటు ధారగా పోస్తూ ఉండాలి. కంపెనీ పేరు బయటికి రాకూడదన్న భయంతో రసాయనం పేరు దాచడం ఈ రంగంలో జరిగే అతి పెద్ద తప్పు. ఆ తప్పుకు ఎలాంటి సమర్థనా లేదు.

నెమ్మదిగా చంపే గాయాల సంగతి ఇంకా దారుణం. మార్కాపురం పలకల పని, బేతంచెర్ల, తాండూరు బండల పాలిషింగ్, చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ కోతల్లో లేచే ధూళిలో సిలికా ఉన్న చోట ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ వస్తుంది. పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఆయాసం మొదలయ్యేసరికి అతను పనిచేసిన యూనిట్ మూతపడి ఉంటుంది. ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ అని మందులు మొదలుపెడతారు. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ రావడమూ ఎక్కువే కాబట్టి ఆ నిర్ధారణ ఒక్కోసారి సగం నిజం కూడా. ‘ఇంతకుముందు ఏం పని చేసేవాడివి, ఎన్నేళ్లు చేశావు’ అని అడగకపోతే మిగతా సగం బయటపడదు. వృత్తి జబ్బు కనబడితే డాక్టరే ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచే ఉంది. ఆ సంగతి ఎంబీబీఎస్ చదివిన ఎందరికి గుర్తుందన్నది అనుమానమే. రాజస్థాన్ 2019లో సిలికోసిస్ బాధితుల కోసం ప్రత్యేక విధానం తెచ్చి, నిర్ధారణ అయితే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు ఇస్తోంది. రాళ్ల పరిశ్రమ ఇంతగా ఉన్న తెలుగు రాష్ట్రాలు కూడా అలాంటి విధానం తేవాలి.

డాక్టర్ల కొరతకు కారణం చదువులోనే ఉంది. ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసర్ కావడానికి మన దేశంలో ప్రధానంగా ఏఎఫ్ఐహెచ్ అనే మూడు నెలల పారిశ్రామిక ఆరోగ్య కోర్సు ఉంది. మెడికల్ కాలేజీలో వృత్తి ఆరోగ్యం కమ్యూనిటీ మెడిసిన్‌లో ఒక చాప్టరు. ప్రమాదబీమా చట్టాన్ని 1884లోనే తెచ్చిన జర్మనీలో పద్ధతి వేరు. పూర్తిగా యజమానుల చందాతో నడిచే బీమా సంస్థలు అక్కడ డి-డాక్టర్లనే ప్రత్యేక వైద్యులను నియమిస్తాయి. పనిలో దెబ్బ తగిలి ఆ రోజు దాటి పనికి వెళ్లలేని ప్రతి కార్మికుడూ ఆ డాక్టరు దగ్గరికే వెళ్లాలి. గాయం ఎలా అయిందో ఆయనే రాస్తాడు, సర్జన్ దగ్గరికి పంపాలా వద్దా అన్నది తేలుస్తాడు, తిరిగి పనిలోకి వెళ్లేదాకా చికిత్సను దగ్గరుండి నడిపిస్తాడు. పెన్షన్ కంటే ముందు పునరావాసం అన్నది ఆ వ్యవస్థ సూత్రం. బీమా సంస్థకు డబ్బు మిగలాలన్నా కార్మికుడు కోలుకోవాల్సిందే.

ఈఎస్ఐకి ఆ శక్తి లేకపోలేదు. చందా వసూలు చేసేదీ అదే, ఆస్పత్రులు నడిపేదీ అదే, నష్టశాతం తేల్చే బోర్డూ దానిదే. సనత్‌నగర్‌లో మెడికల్ కాలేజీయే ఉంది. ఒక ప్రెస్ ఏడాదిలో ఎన్ని వేళ్లు తీసిందో దాని యాక్సిడెంట్ రిపోర్టులను పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. ఆ లెక్కను డిస్పెన్సరీ డాక్టరు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు కలిసి చూసే రోజు ఇంకా రాలేదు. రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే డిస్పెన్సరీలు మందుల కొరతతో, సిబ్బంది కొరతతోనే సతమతమవుతుంటాయి. 2019లో తెలంగాణలో బయటపడిన మందుల కొనుగోళ్ల కుంభకోణం కార్మికుల చందా డబ్బు ఎటు పోతుందో చూపించింది. ప్రతి పారిశ్రామికవాడ డిస్పెన్సరీలో ఒక వృత్తి ఆరోగ్య వైద్యుడు, ఒక హ్యాండ్ థెరపిస్టు ఉంటే చాలు, సగం సమస్య అక్కడే తేలిపోతుంది. దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

కొత్త కోడ్‌లలో పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. ప్రమాదకరమైన పని చేసే ఒక్క మనిషి ఉన్నా ఈఎస్ఐ వర్తింపజేయవచ్చు. ఇంటికీ పనిచోటుకూ మధ్య దారిలో జరిగే ప్రమాదం ఈఎస్ఐలో 2010 నుంచే ఉద్యోగ ప్రమాదం, ఇప్పుడు యజమాని చెల్లించే పరిహారానికీ అది వర్తిస్తుంది. నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష బీపీ, షుగరు చూసి సంతకం పెట్టే క్యాంపుగా మారితే ఎవరికీ ఉపయోగం లేదు. ప్రెస్ మీద పనిచేసేవాడికి వినికిడి పరీక్ష, బండలు కోసేవాడికి ఊపిరి పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఫార్మాలో ద్రావకాలతో పనిచేసేవాడికి లివర్ పరీక్ష జరగాలి. నలభై దాటేదాకా ఆగడంలోనూ అర్థం లేదు, పద్దెనిమిదేళ్లకు చేరినవాడి చెవి ఐదేళ్లలోనే దెబ్బతినవచ్చు. చేరిన రోజున తీసిన రిపోర్టు ఉంటేనే తర్వాత ఎంత పోయిందో చెప్పగలరు. ఆ రిపోర్టుల కాపీ కార్మికుడి చేతికి, అతనికి చదవడం వచ్చిన భాషలో అందాలి. కాంట్రాక్టరు మారినా, కంపెనీ మూతపడినా, అతను శ్రీకాకుళమో గంజామో తిరిగి వెళ్లిపోయినా అక్కడి ఆస్పత్రిలో డాక్టరు ముందు పెట్టడానికి అతని దగ్గర ఉండే సాక్ష్యం అదొక్కటే.